పాత కారు అప్పుడప్పుడూ పొగ వదులుతోందా? ఇంజిన్ విప్పకముందే కారణం పట్టుకోవడం ఎలా

"పాత కారు కొన్నాను. పొగ రోజూ రాదు. మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లిన రోజు అసలే రాదు. ఏం చేయాలి?" ఈ ప్రశ్న రకరకాల మాటల్లో ఎంతోమంది అడుగుతున్నారు. వాళ్లలో చాలామందికి అప్పటికే దొరికిన జవాబు ఒకటుంటుంది: "ఇంజిన్ బోరుకొచ్చింది, దించాల్సిందే."

బోరు అంటే పిస్టన్ ఆడే సిలిండర్ గోడ. అది అరిగి దించక తప్పని ఇంజిన్లు ఉంటాయి, కాదనను. కానీ ఎప్పుడూ వచ్చే పొగ వేరు, అప్పుడప్పుడూ వచ్చే పొగ వేరు. అప్పుడప్పుడూ వచ్చేదానికి ఒక వేళ ఉంటుంది, ఒక సందర్భం ఉంటుంది. పొగ రంగు గురించి అందరూ చెబుతారు. నేను మాత్రం రంగు కంటే ముందు వేళ చూడమంటాను. ఏ క్షణంలో వస్తోందో తెలిస్తే సగం జబ్బు దొరికినట్టే.

ఈ పద్ధతి కార్బొరేటర్ (పెట్రోలును గాలితో కలిపే భాగం) ఉన్న పెట్రోలు కార్లకు. డీజిల్ ఇంజిన్ల లెక్క వేరు, దాన్ని ఇందులో కలపడం లేదు. ట్రబాంట్, తొలినాటి సాబ్ 96 లాంటి టూ-స్ట్రోక్ కార్లలో ఆయిల్ పెట్రోలుతో కలిసే కాలుతుంది కాబట్టి కొద్దిపాటి నీలిపొగ వాటికి సహజం. మీది అలాంటిదైతే కంగారు వద్దు.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- ఒక నోటుబుక్కు, పెన్ను. అన్నిటికంటే ముఖ్యమైన పనిముట్టు ఇదే
- తెల్ల కాగితాలు, పాత గుడ్డలు, టార్చి లైటు
- ప్లగ్గు స్పానర్
- సిలిండర్‌లో ఒత్తిడి కొలిచే కంప్రెషన్ గేజి (ప్లగ్గు రంధ్రంలో మర తిప్పి బిగించేది మేలు, చేత్తో అదిమిపట్టేది ఒక్కోసారి ఒక్కో అంకె చూపిస్తుంది)
- వాక్యూమ్ గేజి (ఇంజిన్ పీల్చే బలం కొలిచేది)
- 5 మి.లీ. ఆయిల్ కొలిచి పోయడానికి సిరంజి
- తోడుగా ఒక మనిషి. మీరు నడుపుతుంటే వెనక పొగ చూసేవాళ్లు కావాలి

రేడియేటర్ ప్రెజర్ టెస్టర్, లీక్-డౌన్ టెస్టర్ (సిలిండర్‌లోకి గాలి పంపి ఎక్కడ కారుతోందో చూసేది) చివర్లో అవసరం పడొచ్చు. ఇప్పుడే కొనకండి, చాలాసార్లు అంతదాకా పోనక్కర్లేదు.

ఒక హెచ్చరిక. మూసిన షెడ్డులో ఇంజిన్ నడిపి పొగ చూడొద్దు. కంటికి కనిపించే పొగ కంటే అందులోని కార్బన్ మోనాక్సైడ్ ప్రమాదం. దానికి రంగు లేదు, వాసన లేదు. పని అంతా ఆరుబయటే. చున్నీ, కండువా, వదులు చేతులు ఫ్యాను బెల్టు దగ్గరికి పోకుండా చూసుకోండి.

1. ముందు మూడు లెవెల్స్ చూడండి

కారును చదునైన చోట నిలిపి, ఇంజిన్ ఆపిన పది నిమిషాల తర్వాత ఇంజిన్ ఆయిల్, బ్రేక్ ఆయిల్ లెవెల్స్, పూర్తిగా చల్లారాక రేడియేటర్ నీళ్లు చూసి తేదీ వేసి రాసుకోండి. రేడియేటర్ మూత ఇంజిన్ పూర్తిగా చల్లారాకే తీయాలి. వేడిమీద తీస్తే మరిగే నీళ్లు మొహాన కొడతాయి.

ఆయిల్ తక్కువుంటే అందరూ గమనిస్తారు, ఎక్కువుంటే ఎవరూ పట్టించుకోరు. డిప్‌స్టిక్ పై గీత దాటి ఆయిల్ పోస్తే తిరిగే క్రాంకు దాన్ని చిలికి నురగ చేస్తుంది. ఆ తుంపర బ్రీదర్ పైపు (ఇంజిన్ లోపలి గ్యాసు బయటికి పోయే దారి) గుండా కార్బొరేటర్‌లోకి వెళ్లి కాలుతుంది. మలుపుల్లో, గట్టి బ్రేకుల్లో మాత్రమే పొగ వస్తుంటే ముందు ఇదే అనుమానించండి. గీత దాకా తగ్గిస్తే తీరిపోతుంది.

మీరు పోయకుండానే ఆయిల్ లెవెల్ పెరిగిందా? డిప్‌స్టిక్ వాసన చూడండి. పెట్రోలు వాసన కొడితే, ఇంజిన్ పక్కన బిగించిన మెకానికల్ పెట్రోలు పంపులో డయాఫ్రమ్ (పలచటి పొర) చిరిగి పెట్రోలు కిందికి దిగుతూ ఉండొచ్చు. కార్బొరేటర్ పొంగినా ఇలాగే అవుతుంది. పలచబడిన ఆయిల్ పిస్టన్ చుట్టూ ఉండే రింగులు దాటి పైకొచ్చి కాలుతుంది, బేరింగులనూ తినేస్తుంది. ఆ లోపం సరిచేసి ఆయిల్ మార్చేదాకా బండి నడపొద్దు.

2. అసలు అది పొగేనా, ఆవిరా?

ఒక లీటరు పెట్రోలు కాలితే ఇంచుమించు ఒక లీటరు నీరు పుడుతుంది. చల్లటి పొద్దున ఆ నీరు చల్లని సైలెన్సర్‌లో తెల్లటి ఆవిరిగా కనిపిస్తుంది, గొట్టం చివర చుక్కలు కూడా కారతాయి. ఇది జబ్బు కాదు.

తేడా తేలికగా తెలుస్తుంది. ఆవిరి గొట్టం దాటి కొద్ది అడుగుల్లోనే గాలిలో కలిసిపోతుంది, ఇంజిన్ వేడెక్కాక కనబడదు. పొగ అలా కాదు, కారు వెళ్లిపోయాక కూడా వెనక తేలుతూ ఉంటుంది. సైలెన్సర్ గొట్టానికి ఒక జానెడు వెనక తెల్ల కాగితం అర నిమిషం పట్టుకోండి. నీళ్ల మచ్చలు ఆరిపోతాయి. ఆయిల్ మచ్చలు ఆరవు, జిడ్డుగా మిగులుతాయి. నల్లటి పొడి మసి అంటితే పెట్రోలు ఎక్కువ కాలుతోంది.

3. వారం రోజులు రాయండి

దీన్ని దాటేయకండి. పొగ కనిపించిన ప్రతిసారీ ఇవి రాయండి: ఇంజిన్ చల్లగా ఉందా వేడిగా ఉందా, అంతకుముందు ఎంతసేపు ఆగి ఉంది, ఎత్తు ఎక్కుతోందా దిగుతోందా, కాలు యాక్సిలరేటర్ మీదుందా తీశారా, బ్రేకు తొక్కారా, చోక్ (చల్లని స్టార్టుకు పెట్రోలు పాలు పెంచేది) లాగి ఉందా, పొగ ఎన్ని సెకన్లుంది. రాత్రి కారు ముక్కు కిందికి వాలి నిలబడిందా, వెనక్కి వాలిందా అన్నది కూడా. వాలులో నిలిపితే ఆయిల్ ఒక పక్కకు చేరి చివరి సిలిండర్ గైడ్ల (వాల్వు కాడలు ఆడే గొట్టాల) గుండా దిగే ఇంజిన్లున్నాయి. అలాంటి కారు చదునులో నిలిపిన రోజు పొగే వదలదు, యజమానికి అంతు చిక్కదు.

పొగ రాని రోజులు కూడా రాయండి. రాని రోజుకూ వచ్చిన రోజుకూ మధ్య తేడాలోనే జవాబు ఉంటుంది.

4. పొగను మీరే రప్పించండి

నోటుబుక్కులో కాస్త దారి కనిపించాక కింది పరీక్షలు చేయండి. ఒక్కోటి రెండు మూడుసార్లు చేస్తేనే నమ్మండి.

చల్లని స్టార్టు. రాత్రంతా ఆగిన ఇంజిన్ స్టార్టు చేయగానే గుప్పున నీలిపొగ వచ్చి, అర నిమిషంలో ఆగిపోతే వాల్వ్ సీల్స్ (గైడ్ల దగ్గర ఆయిల్‌ను ఆపే రబ్బర్లు) లేదా గైడ్లు. రాత్రంతా ఆయిల్ గైడ్ల గుండా బొట్టు బొట్టుగా దిగి వాల్వు మీద చేరుతుంది, పొద్దున ఒక్కసారిగా కాలుతుంది. రబ్బరు సీల్స్ వయసుతో గట్టిపడి పట్టు వదిలేస్తాయి, కారు తక్కువ తిరిగినా సరే.

ఐడిల్. బాగా వేడెక్కిన ఇంజిన్‌ను ఐదు నిమిషాలు ఐడిల్‌లో వదిలి, ఒక్కసారి రేస్ చేయండి. మొదట గుప్పున నీలిపొగ వచ్చి తర్వాత తగ్గితే ఇదీ వాల్వ్ గైడ్ల వైపే చూపిస్తుంది. సిగ్నల్ దగ్గర ఆగి కదిలేటప్పుడు వచ్చే పొగ ఇదే.

దిగుడు. పొడవైన దిగుడులో టాప్ గేరు కంటే ఒక గేరు తక్కువలో, యాక్సిలరేటర్ మీద నుంచి కాలు పూర్తిగా తీసి దిగండి. అప్పుడు మానిఫోల్డ్‌లో (సిలిండర్లకు గాలి వెళ్లే గొట్టాల్లో) పీల్చే బలం చాలా ఎక్కువ, గైడ్ల సందులోంచి ఆయిల్‌ను లాగేస్తుంది. అడుక్కి చేరి మళ్లీ కాలు నొక్కగానే నీలిపొగ మేఘంలా లేస్తే అనుమానం బలపడినట్టే.

ఎత్తు. దీనికి వ్యతిరేకం. టాప్ గేరులో ఎత్తు ఎక్కుతూ యాక్సిలరేటర్ బాగా తొక్కినప్పుడు పొగ వచ్చి, కాలు తీయగానే తగ్గితే పిస్టన్ రింగులు, బోరు.

బ్రేకు. వాక్యూమ్ బ్రేక్ బూస్టర్ (ఇంజిన్ పీల్చే బలంతో బ్రేకుకు సాయపడేది) ఉన్న కార్లలో బ్రేకు తొక్కినప్పుడో, తొక్కిన కాసేపటికో దట్టమైన తెల్లపొగ వస్తే ఇంకేమీ వెతక్కండి, బ్రేక్ ఆయిల్ చూడండి. బయట ఎక్కడా కారకుండా అది తగ్గుతుంటే, మాస్టర్ సిలిండర్ వెనక సీలు పోయి ఆయిల్ బూస్టర్‌లోకి, అక్కడి నుంచి వాక్యూమ్ పైపు గుండా ఇంజిన్‌లోకి పోతోంది. ఇంజిన్ ఆపి బూస్టర్ దగ్గర పైపు పీకండి. లోపల తడి కనిపిస్తే ఖాయం. కారు అక్కడే ఆపేయండి, బ్రేకులు ఎప్పుడైనా చేతులెత్తేయొచ్చు. బ్రేక్ ఆయిల్ పెయింటును తినేస్తుంది, గుడ్డ అడ్డం పెట్టుకోండి.

చాలాసేపు వేగంగా నడిపాక. అరగంట వేగంగా నడిపితే తప్ప పొగ రాకపోతే, హెడ్ (ఇంజిన్ పై భాగం) మీద నుంచి ఆయిల్ కిందికి దిగే రంధ్రాలు మడ్డితో పూడుకుని ఉండొచ్చు. ట్యాపెట్ కవర్ కింద ఆయిల్ నిలిచిపోయి గైడ్లు మునుగుతాయి. రాకర్ షాఫ్ట్ బుష్షులు అరిగినా పైన ఆయిల్ అవసరానికి మించి పొర్లుతుంది. కవర్ తీసి టార్చి వేస్తే మడ్డి కంటికే కనిపిస్తుంది.

పాత ఆటోమేటిక్ గేరుబాక్సు కార్లలో ఇంకో దారి ఉంది. గేరుబాక్సు మీది వాక్యూమ్ మాడ్యులేటర్‌లో (ఇంజిన్ పీల్చే బలాన్ని బట్టి గేరు మార్పును సర్దే భాగంలో) డయాఫ్రమ్ చిరిగితే గేరు ఆయిల్‌ను ఇంజిన్ పీల్చేస్తుంది. తెల్లపొగ, గేరుబాక్సులో ఆయిల్ తగ్గడం రెండూ కలిసి కనిపిస్తే మాడ్యులేటర్‌కు వెళ్లే సన్న పైపు పీకి చూడండి, తడిగా ఉండకూడదు.

5. ఇప్పుడు రంగు, వాసన

నీలం అంటే ఇంజిన్ ఆయిల్. మాడిన నూనె వాసన, కాస్త ఘాటుగా ఉంటుంది. నలుపు అంటే పెట్రోలు ఎక్కువ. వేడెక్కాక కూడా తగ్గని తెలుపు, తియ్యటి వాసనతో వస్తే కూలెంట్. ఉత్త నీళ్లు పోసిన రేడియేటర్ అయితే ఆ తియ్యదనం ఉండదు. వాసన చూడటమంటే గొట్టం దగ్గర ముక్కు పెట్టడం కాదు. కాస్త దూరంగా నిలబడి చేత్తో గాలి ఇటు తోసుకుంటే చాలు.

సాయంత్రపు వెలుతురులో నీలిపొగ బూడిద రంగులో, బూడిద పొగ తెల్లగా కనబడి మోసం చేస్తుంది. అందుకే రంగును రెండో సాక్షిగానే ఉంచాను.

6. నీలిపొగ అయితే ముందు బ్రీదర్

నా కారు పొగ పెడితే తొందరపడి హెడ్ దింపించాను. కొత్త గైడ్లు, కొత్త సీల్స్ వేయించాను. నాలుగో రోజు మళ్లీ పొగ. చివరికి దొరికింది బ్రీదర్ పైపులో ఉండే చిన్న జాలీ, మడ్డి పట్టి పూర్తిగా మూసుకుపోయి. కిరోసిన్‌లో కడిగి పెట్టాక పొగ ఆగింది. ఆ హెడ్డు ఇంకొన్నేళ్లు నడిచేదేమో అన్న బాధ ఇప్పటికీ ఉంది. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను: హెడ్డు మీద చెయ్యి వేసేముందు బ్రీదర్ చూడండి.

రింగులు ఎంత బాగున్నా కొంత గ్యాసు కిందికి దిగుతూనే ఉంటుంది. దానికి బయటికి దారి లేకపోతే లోపల ఒత్తిడి పెరిగి ఆయిల్‌ను దొరికిన సందులోంచల్లా పైకి తోస్తుంది. ఇంజిన్ ఐడిల్‌లో ఉండగా ఆయిల్ పోసే మూత తీసి రంధ్రం మీద కాగితం పెట్టండి. బ్రీదర్ గాలి కార్బొరేటర్‌లోకి పీల్చుకునే ఇంజిన్లలో కాగితం మెల్లగా అతుక్కోవాలి. ఎగిరిపోతుంటే దారి మూసుకుపోయినట్టు, లేదా రింగుల దగ్గర గ్యాసు మరీ ఎక్కువ దిగుతున్నట్టు. బ్రీదర్ శుభ్రం చేసి మళ్లీ పెట్టండి. అప్పుడూ ఎగిరితే రింగుల మీద అనుమానం.

పీసీవీ వాల్వు (ఇంజిన్ లోపలి గ్యాసును మళ్లీ మానిఫోల్డ్‌లోకి పంపేది) ఉంటే పీకి ఊపండి, లోపల టకటక మనాలి. అది తెరుచుకుని ఇరుక్కుంటే ఐడిల్‌లో ఆయిల్ తుంపరను అదే పనిగా పీల్చి, అచ్చం గైడ్లు పోయినట్టే పొగ పెడుతుంది. వి-ఆకారపు ఇంజిన్లలో ఇన్‌లెట్ మానిఫోల్డ్ గాస్కెట్ కింది అంచున తెగినా ఆయిల్ అలాగే లోపలికి పోతుంది.

7. నల్లపొగ అయితే చోక్, ఫ్లోట్

చోక్ నాబు లోపలికి నొక్కినా కార్బొరేటర్ దగ్గర అది పూర్తిగా వెనక్కి వెళ్లిందా అన్నది కళ్లతో చూడాలి. కేబుల్ సగంలో ఇరుక్కోవడం మామూలే. ఎస్‌యూ రకం కార్బొరేటర్లలో చోక్ లాగితే జెట్టు కిందికి దిగుతుంది, నొక్కాక అది పైకి రాకుండా నిలిచిపోతుంటుంది. వేలితో పైకి తోసి చూడండి.

తర్వాత ఎయిర్ క్లీనర్. ఆ తర్వాత ఫ్లోట్ (కార్బొరేటర్‌లో పెట్రోలు మట్టాన్ని అదుపు చేసే తేలే డొల్ల): ఇత్తడి ఫ్లోట్‌ను చెవి దగ్గర ఊపితే లోపల పెట్రోలు కదిలే చప్పుడు వినబడకూడదు. దాన్ని వేడినీళ్లలో ముంచితే చిల్లు ఉన్నచోట బుడగలు వస్తాయి. నీళ్లు వేరే చోట కాచి తెచ్చుకోండి, మంట దగ్గర ఈ పని వద్దు. పెట్రోలు రాకను ఆపే నీడిల్ వాల్వులో నలక పడినా ఒకరోజు పొంగి మర్నాడు బాగుంటుంది. కొత్తగా ఎలక్ట్రిక్ పంపు పెట్టించారా? చాలా కార్బొరేటర్లకు 2 నుంచి 4 పీఎస్‌ఐ ఒత్తిడి చాలు, అంతకు మించితే నీడిల్ వాల్వు ఆపలేదు.

8. ప్లగ్గులు తీసి వరసగా పెట్టండి

పొగ వచ్చిన వెంటనే ఇంజిన్ ఆపి, కాస్త చల్లారాక ప్లగ్గులు తీసి, ఏది ఏ సిలిండర్‌దో తెలిసేలా గుడ్డ మీద పేర్చండి. లేత గోధుమ లేదా బూడిద రంగు మంచిది. నల్లగా తడిగా జిడ్డుగా ఉంటే ఆయిల్, నల్లటి పొడి మసి అయితే పెట్రోలు. మిగతా వాటి మధ్య ఒక్కటే కడిగినట్టు తెల్లగా మెరుస్తుంటే ఆ సిలిండర్‌లోకి నీళ్లు వెళుతున్నాయి.

ఒక్క ప్లగ్గుకే ఆయిల్ అంటితే జబ్బు ఆ సిలిండర్‌దే. అన్నిటికీ సమానంగా అంటితే బ్రీదర్, పీసీవీ, ఆయిల్ లెవెల్ లాంటి ఉమ్మడి కారణం వైపు మళ్లీ వెనక్కి వెళ్లండి.

9. కంప్రెషన్ పరీక్ష, అది చెప్పనిది

ఇంజిన్ వేడిగా ఉండాలి. ఇగ్నిషన్ కాయిల్‌కు కరెంటు తెచ్చే సన్న వైరు పీకేయండి. ప్లగ్గు రంధ్రాల్లోంచి పెట్రోలు తుంపర చిమ్ముతుంది, ఒక్క స్పార్కు చాలు అంటుకోవడానికి. ప్లగ్గులన్నీ తీయండి. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పట్టి, గేజి ముల్లు ఇక పెరగనంతవరకు, అంటే ఐదారు కంప్రెషన్ల దాకా సెల్ఫ్ కొట్టండి. అన్ని సిలిండర్లకూ లెక్క సమానంగా పెట్టాలి.

అసలు అంకె కంటే సిలిండర్ల మధ్య తేడా ముఖ్యం. పది శాతం లోపు తేడా ఉంటే బాగున్నట్టు. తగ్గిన సిలిండర్‌లో 5 మి.లీ. ఆయిల్ పోసి మళ్లీ చూడండి. అంకె బాగా పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వు లేదా హెడ్ గాస్కెట్ (హెడ్డుకూ సిలిండర్లకూ మధ్య ఉండే పలక). పక్కపక్కనే ఉన్న రెండు సిలిండర్లు కలిసి తగ్గితే వాటి మధ్య హెడ్ గాస్కెట్ కాలి ఉంటుంది.

ఇక్కడే చాలామంది పొరబడతారు. కంప్రెషన్ బాగుందంటే ఇంజిన్ బాగుందని కాదు. గైడ్లు ఎంత అరిగినా, వాల్వు తన సీటులో సరిగ్గా కూర్చుంటే అంకె చక్కగా వస్తుంది. ఆయిల్‌ను గీకే కింది రింగు ఇరుక్కున్నా ఈ గేజికి తెలియదు, అది కొలిచేది పై రింగుల పట్టునే. పైగా ఆయిల్ పేరుకున్న బోరు లేని బలాన్ని చూపిస్తుంది.

గైడ్లకు వాక్యూమ్ గేజి మంచి సాక్షి. సముద్రమట్టంలో, ఆరోగ్యంగా ఉన్న ఇంజిన్ ఐడిల్‌లో 17 నుంచి 21 అంగుళాల (పాదరసం) మధ్య ముల్లు కదలకుండా నిలుస్తుంది. ఎత్తు ప్రదేశాల్లో ప్రతి 1000 అడుగులకు సుమారు ఒక అంగుళం తగ్గుతుంది. ఐడిల్‌లో ముల్లు గడగడ వణికి, వేగం పెంచగానే నిలకడ పడితే ఇన్‌లెట్ గైడ్లు అరిగాయి.

ఇంకా తేలకపోతే లీక్-డౌన్. పిస్టన్‌ను కంప్రెషన్ పైకొసకు తెచ్చి గాలి పంపి వినండి. కార్బొరేటర్‌లో సుయ్‌మంటే ఇన్‌లెట్ వాల్వు, సైలెన్సర్‌లో అయితే ఎగ్జాస్ట్ వాల్వు, ఆయిల్ మూత దగ్గరైతే రింగులు, రేడియేటర్‌లో బుడగలైతే హెడ్ గాస్కెట్. గాలి వదలగానే ఇంజిన్ గిర్రున తిరగొచ్చు. చేతులు, స్పానర్లు క్రాంకు పుల్లీ దగ్గర ఉంచొద్దు.

10. తెల్లపొగ, తగ్గుతున్న నీళ్లు

పొద్దున ఒక సిలిండర్ మిస్ కొడుతూ, ఒకటి రెండు నిమిషాలు తెల్లపొగ వదిలి సర్దుకుంటే, ఇంజిన్ ఆపాక మిగిలిన ఒత్తిడికి నీళ్లు సిలిండర్‌లోకి ఊరుతున్నాయని అర్థం. సాయంత్రం చల్లారాక ప్రెజర్ టెస్టర్‌తో రేడియేటర్ మూత మీద రాసి ఉన్న ఒత్తిడి వరకే పెట్టి గంటసేపు వదలండి. ముల్లు దిగి, బయట ఎక్కడా తడి లేకపోతే ప్లగ్గులు తీసి సెల్ఫ్ కొట్టండి. ఏ రంధ్రంలోంచి నీళ్లు చిమ్మితే ఆ సిలిండరే. చిమ్మేవాటికి మొహం ఎదురు పెట్టకండి, కాయిల్ వైరు పీకడం మరవకండి.

నీలి ద్రవం వేసే గ్యాసు టెస్టర్ దొరికితే ఇంకా మంచిది. రేడియేటర్‌లోకి కాలిన గ్యాసు వస్తుంటే ఆ ద్రవం పసుపుకు తిరుగుతుంది. ముందు రేడియేటర్ నీళ్లు కాస్త తగ్గించాలి, నీళ్లే టెస్టర్‌లోకి ఎక్కితే పరీక్ష చెడిపోతుంది.

పొద్దున సెల్ఫ్ కొట్టగానే ఇంజిన్ గోడను ఢీకొన్నట్టు టక్కున ఆగిపోతే రెండోసారి కొట్టకండి. సిలిండర్ నిండా నీళ్లుంటే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. ముందు ప్లగ్గులు తీయాలి.

తరచూ జరిగే పొరపాట్లు

నెలల తరబడి షెడ్డులో ఉన్న కారు మొదటి రోజు పొగ పెట్టిందని ఇంజిన్ దించడం అన్నిటికంటే పెద్ద పొరపాటు. ఇరుక్కున్న రింగులు, ఎండిన సీల్స్ కొంత తేరుకునే అవకాశం ఉంది. నీళ్లు, బ్రేకులు సరిగ్గా ఉన్నాయని చూసుకుని, ఆయిల్ మార్చి, రెండు మూడు వందల కి.మీ. మామూలుగా నడిపి అప్పుడు పరీక్షలు మొదలుపెట్టండి.

20డబ్ల్యూ-50 లాంటి చిక్కటి ఆయిల్ వాడమని కంపెనీ చెప్పిన ఇంజిన్‌లో కొత్త కార్ల పలచటి ఆయిల్ పోసి, పొగ వస్తోందని బాధపడేవాళ్లున్నారు. ఆయిల్‌ను చిక్కబరిచే డబ్బాలు మాత్రం పొగను కొన్నాళ్లు దాస్తాయి తప్ప కారణాన్ని తీయవు. పాత కారు కొనేటప్పుడు ఇదే గుర్తుంచుకోండి: మీరు వెళ్లేసరికి బానెట్ వెచ్చగా ఉంటే, ఇంకో రోజు పొద్దున్నే వస్తానని చెప్పి చల్లని స్టార్టు చూడండి.

రెండు మూడు పనులు ఒకేసారి చేయించకండి. బ్రీదర్ కడిగి, పీసీవీ మార్చి, ఆయిల్ కూడా మారిస్తే పొగ ఏది చేసినందుకు ఆగిందో ఎప్పటికీ తెలియదు.

బాగైందో లేదో ఎలా తేల్చాలి

పని పూర్తయిన రోజే పొగ ఆగకపోతే కంగారుపడొద్దు. సైలెన్సర్ లోపల పట్టిన పాత ఆయిల్ కాలిపోవడానికి కొంత దూరం నడపాలి. ఒకసారి బాగా వేడెక్కేలా దూరం వెళ్లిరండి. ఆ తర్వాత, మొదట ఏ పరీక్షలో పొగ వచ్చిందో సరిగ్గా అదే పరీక్ష, అదే దిగుడులో, అదే గేరులో చేయండి. చల్లని స్టార్టు పొగ అయితే కనీసం వారం పొద్దున్నలు చూడాలి, కారును మునుపటి వాలులోనే నిలపాలి.

ఆయిల్‌ను పై గీత దాకా పోసి, మీటరు అంకె రాసి, 500 కి.మీ. తర్వాత చదునైన అదే చోట చూడండి. లెవెల్‌ను మళ్లీ గీతకు తేవడానికి ఎన్ని మి.లీ. పట్టిందో కొలిచి రాసుకోండి. పొగ కంటికి ఆనకపోయినా ఆ లెక్క 500 కి.మీ.కు ఒకసారి చొప్పున పెరుగుతూ పోతుంటే, మళ్లీ 6వ దశలోని కాగితం పరీక్ష నుంచి మొదలుపెట్టండి.